దగ్గిన తల

బాన్సువాడలో బీడీలు చుట్టే లచ్చవ్వలు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు గాని, అనుమానపు లచ్చవ్వ అంటే మాత్రం ఒక్కతే. ఉప్పు కొంటే నాలుక మీద వేసుకొని చూసేది. నూనె కొంటే అరచేతిలో రుద్ది వాసన చూసేది. కార్ఖానా నుంచి తునికాకు తెచ్చుకునేటప్పుడు కట్ట విప్పి నడిమి ఆకులు పట్టి చూడందే గడప దాటేది కాదు. మీద మంచి ఆకు పెట్టి లోపల చిల్లుల ఆకు పెడతారని ఆమె నమ్మకం. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ముందు వాళ్ల చేతుల దిక్కు చూసేది, ఆ తర్వాతే మొహం దిక్కు.

వాడకట్టు ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. అయినా బర్రెను కొనాలన్నా, పిల్లకు సంబంధం ఖాయం చేసుకోవాలన్నా ముందు లచ్చవ్వను వెంటబెట్టుకొని పోయేవాళ్లు. ఆమె బర్రె చుట్టూ ఒకసారి తిరిగి, "మొన్ననే ఈనిందంటుండ్రు, మరి దూడ ఏది?" అని మెల్లగా అడిగిందంటే అమ్మేవాడు ధర దించేవాడు.

పుట్టుకతో ఆమె ఇట్లా లేదు. తల్లిగారి ఊరు మంజీర ఒడ్డున ఉండేది. నిజాంసాగర్ కట్ట లేస్తున్న రోజుల్లో, నీళ్లు మన ఇండ్ల దాకా రావు, పల్లం పొలాలే మునుగుతాయని ఊరి పెద్దమనుషులు అనుకున్నారు. అందరికీ అదే చెప్పారు. ఆ మాట మీద లచ్చవ్వ తండ్రి ఇంటికి కొత్త పెంకలు కప్పించాడు. నీళ్లు ఆ పెంకల మీదికి వచ్చాయి. చెప్పినవాళ్లు మోసం చెయ్యాలని చెప్పలేదు, వాళ్ల ఇండ్లు కూడా మునిగాయి. లచ్చవ్వను ఎక్కువ భయపెట్టింది అదే. మంచివాళ్లు చెప్పినా సరే, కంటితో చూడాలి, చేత్తో పట్టుకోవాలి అని ఆనాడు మనసులో పడిపోయింది.

తర్వాత పెండ్లయి బాన్సువాడకు వచ్చింది. భర్త రాజారాం ఒక చలికాలం దగ్గు పట్టి, ఆ దగ్గుతోనే పోయాడు. పిల్లలు లేరు. పక్కింట్లో ఆడబిడ్డ పోసవ్వ, ఆమె భర్త దేవిదాస్ ఉండేవాళ్లు. దేవిదాసుకు ఎడ్లబండి ఉంది. చలికాలం వచ్చిందంటే రైతుల చెరుకు బోధన్ ఫ్యాక్టరీకి తోలేవాడు. పోసవ్వ గుణం వదినెకు పూర్తిగా వేరు. ఎవరేం చెప్పినా నమ్మేది, నమ్మి సంతోషపడేది. వదినె, ఆడబిడ్డ ఇద్దరూ పొద్దంతా ఒకే అరుగు మీద ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు.

అది జర్మనీ లడాయి నడుస్తున్న కాలం. బోధన్‌లో ఫ్యాక్టరీ మొదలైన కొన్నేండ్లకు, చెరుకు ఆడే రోజుల్లో ఊరవతలి ఖాళీ జాగలో పెద్ద తమాషాల సంత పెట్టడం మొదలుపెట్టారు. చలి మొదలయ్యేసరికి డేరాలు లేచేవి, ఎండలు ముదిరేసరికి పోయేవి. జనం దాన్ని నుమాయిష్ అనేవాళ్లు. రంగులరాట్నం, గారడీ, గాజుల దుకాణాలు, ఫొటోలు తీసేవాళ్లు, ఒకటేమిటి, అన్నీ ఉంటాయని బండ్లవాళ్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు. పొద్దుగూకితే పట్టపగలు లెక్క దీపాలు పెడతారట.

"మనకు చిమ్నీల పోసుకుందామంటె గ్యాసునూనె దొరుకుతలేదు. వాళ్లకు గంత నూనె ఏడికెళ్లి వస్తున్నది?" అన్నది లచ్చవ్వ. నుమాయిష్ మీద ఆమెకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

ఒకనాడు దేవిదాస్ వెంట బండెక్కి పోసవ్వ పోయింది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంటే వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

"వదినె, తల! ఒట్టి తల!" అన్నది పోసవ్వ కండ్లు పెద్దవి చేసి. "బల్ల మీద ఇత్తడి తాంబాళంల పెట్టిండ్రు. ఆడపిల్ల తల. మెడ కాడికే ఉన్నది. బల్ల కింద చూస్తె ఏం లేదు, ఖాళీ. గా తల కండ్లు తెరుస్తది, నవ్వుతది, అడిగినదానికి జవాబు చెప్తది."

"నువ్వేమడిగినవ్?"

"మా ఎద్దు కాలు మంచిగైతదా అని అడిగిన. అయితదన్నది."

"అయిందా?"

"ఇంక కాలే."

లచ్చవ్వ ఆకు కత్తిరిస్తూనే అన్నది: "మాట రావాలంటె ఊపిరుండాలె గద. ఊపిరి రొమ్ములకెళ్లి రావాలె. రొమ్ము లేని తలకు ఊపిరెట్ల వస్తది?"

"దేవుని మాయ వదినె."

"దేవుడు టికెట్టు పెడ్తడా?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పోసవ్వకు కోపం రాలేదు. ఆమెకు కోపం వచ్చేది కూడా కాదు. "నువ్వు చూస్తె గిట్లనవు," అని, "పాపం, నడిమిట్ల దానికి దగ్గు గూడ వచ్చింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి," అన్నది.

లచ్చవ్వ చేతిలో కత్తెర ఆగింది. "ఏం దగ్గు? గొంతుల గరగరనా, లోపలికెళ్లి వచ్చిన దగ్గా?"

"లోపలికెళ్లే వచ్చింది."

"ఏ లోపల? నువ్వు లోపల్నే లేదంటివి గద!"

మళ్లీ అందరూ నవ్వారు. లచ్చవ్వ నవ్వలేదు. రాజారాం దగ్గు ఆమెకు బాగా తెలుసు. రాత్రిళ్లు పక్కన కూర్చొని విన్న దగ్గు అది.

ఆ మాటల్లోనే ఎదురింటి సావిత్రమ్మ ఒక సంగతి తెచ్చింది. ఆడవాళ్లందరికీ నుమాయిష్ చూడాలని ఉంది. మొగవాళ్లు మాత్రం అదంతా దగా, పోయేదానికి లాయకు కాదు అంటున్నారు. "లచ్చవ్వా, నువ్వు పోయి చూసిరా. నువ్వు బాగున్నదంటె మావోళ్లు గూడ కాదనరు," అన్నది. ఇంకో ఏడైతే లచ్చవ్వ ఒప్పుకునేది కాదు. ఆ దగ్గు సంగతి వినకపోయుంటే అప్పుడు కూడా ఒప్పుకునేది కాదు.

తెల్లవారకముందే దేవిదాస్ బండి కట్టాడు. చెరుకు గడల మీద గొంగళ్లు పరుచుకొని వదినె, ఆడబిడ్డ ఎక్కి కూర్చున్నారు. లచ్చవ్వ తాగేందుకు నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంది. పైసలు కొంగుకు కట్టుకుంటే అందరికీ కనిపిస్తాయని కొప్పులో దోపుకుంది. రుద్రూర్ దగ్గర ఎడ్లను విడిచి మేపి, మళ్లీ కట్టి, పొద్దు వాలేసరికి బోధన్ చేరారు. ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు వరస కట్టి ఉన్నాయి. దేవిదాస్ వరసలో ఆగిపోయాడు. ఆడవాళ్లిద్దరూ నుమాయిష్ దిక్కు నడిచారు.

లచ్చవ్వ నుమాయిష్‌ను చూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరు. రంగులరాట్నం దగ్గర ఎక్కేవాళ్లను చూడలేదు. కింద చేరి ఇరుసు చూసింది, తాళ్లు చూసింది. దాన్ని తిప్పే మనిషిని, "నువ్వెన్నడన్న ఎక్కినవా?" అని అడిగింది.

"లేదమ్మా. నాకు కండ్లు తిరుగుతయి."

"విన్నవా?" అన్నది పోసవ్వతో.

ఒకడు సబ్బుతో ఎంత మరకైనా పోతుందని అరుస్తున్నాడు. అతని దగ్గరున్న గుడ్డ మీద మరక పోయింది. లచ్చవ్వ తన కొంగు మీది పొగాకు మరక చూపించి దీన్ని పోగొట్టమన్నది. అతను వేరే దిక్కు తిరిగి అరవడం మొదలుపెట్టాడు. ఇంకో దగ్గర బట్ట మీద రాజుల మేడ గీసి, దాని ముందు జనాన్ని కూర్చోబెట్టి ఫొటోలు తీస్తున్నారు. లచ్చవ్వ ఆ బట్ట వెనక్కి పోయి చూసొచ్చింది. వెనక ఒక మేక కట్టేసి ఉంది.

"నీతోని వచ్చుడు నాదే తప్పు," అన్నది పోసవ్వ. అంటూనే నవ్వింది.

తల ఉన్న డేరా చివర్న ఉంది. ముందు కోటు వేసుకున్న మనిషి ఒకడు తెలుగులో కొంత, మరాఠీలో కొంత కేకలు పెడుతున్నాడు. లోపల నల్ల బట్టలు కట్టారు. నేల మీద గడ్డి పరిచారు. తాడు అడ్డం కట్టిన చోటికి అవతల ఒక బల్ల, దాని మీద తాంబాళం, తాంబాళంలో చుట్టూ బంతిపూలు, నడుమ తల. ముక్కుకు బులాకీ, నుదుటికి పెద్ద బొట్టు. పోసవ్వ చేతులు జోడించింది. లచ్చవ్వ జనాన్ని తోసుకుంటూ తాడు దాకా పోయి నిలబడింది.

ఆమె తల దిక్కు చూడలేదు. బల్ల కిందికి చూసింది. నిజమే, ఖాళీగా ఉంది. వెనక నల్లబట్ట, కింద గడ్డి కనిపిస్తున్నాయి. చాలాసేపు అట్లాగే చూసింది. బల్ల పక్కన గడ్డి మీద ఒక బంతిపూరెక్క పడి ఉంది, ఒక కొస చినిగి. బల్ల కింద కూడా ఒక రెక్క ఉంది. అదీ అదే కొసన, అట్లాగే చినిగి ఉంది. లచ్చవ్వ కొంచెం పక్కకు జరిగింది. బల్ల కింది రెక్క కూడా జరిగింది.

అద్దం! బల్ల కాళ్ల నడుమ అద్దాలు నిలబెట్టారు. పక్కనున్న బట్టా గడ్డీ అద్దంలో పడి వెనకున్నట్టు కనిపిస్తున్నాయి. ఆ అద్దాల వెనక, ఆ ఇరుకులో, మిగతా పిల్ల ముడుచుకొని కూర్చుంది.

కనిపెట్టింది నోటిదాకా వచ్చింది. ఇంకెన్నడైనా అయితే అక్కడే అరిచి చెప్పేది. కాని వెనక చెరుకు గడలు నములుతున్న పడుచువాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మోసమని తెలిస్తే వాళ్లు గడలు విసురుతారు, బల్ల తంతారు. అద్దం పగిలి ఎవరి మీద పడుతుంది? లచ్చవ్వ నోరు మూసుకుంది.

జనం ఒక్కొక్కరూ అడుగుతున్నారు. కొడుకు పుడతాడా, భూమి తగాదా తెగుతుందా అని. తల అందరికీ ఒకే గొంతుతో, "అయితది, నమ్మకముంచు," అంటున్నది. లచ్చవ్వ వంతు వచ్చింది.

"దగ్గు ఎప్పటిసంది ఉన్నది బిడ్డా?" అని అడిగింది.

ఇట్లాంటి ప్రశ్నకు తలకు ఏ జవాబూ నేర్పలేదు. పెదవులు కదిలాయి. కండ్లలో నీళ్లు నిండి, ఒక చుక్క బుగ్గ మీదికి జారి, ముక్కు పక్కన ఆగింది. తుడుచుకునేందుకు చేతులు లేవు. చేతులు బల్ల కింద ఉన్నాయి. పిల్ల అట్లాగే కదలకుండా చూస్తున్నది.

లచ్చవ్వ తాడు కింది నుంచి దూరి పోయి కొంగుతో ఆ కన్నీళ్లు తుడిచింది. పిల్ల మొహం కాలిపోతున్నది.

"తలను ముట్టుకున్నది!" అని డేరాలో గోల లేచింది. కోటు మనిషి లోపలికి ఉరికొచ్చాడు. "ముట్టుకుంటె మంత్రం తప్పుతది! బయటికి నడువ్!" అని ఆమె రెక్క పట్టుకున్నాడు.

అప్పుడు లచ్చవ్వ తన జన్మలో చెయ్యని పని చేసింది. జనం దిక్కు తిరిగి పెద్ద గొంతుతో, "అమ్మలాల, అయ్యలాల! తల్లికి జరమొచ్చింది. ఒళ్లు కాలిపోతున్నది. గిసొంటప్పుడు మాట్లాడిస్తె మనకే అరిష్టం. దండం పెట్టుకొని ఇండ్లకు పోండ్రి!" అన్నది.

జనం నమ్మారు. చెరుకు నమిలే పడుచువాళ్లు కూడా గడలు దించి, దండం పెట్టి బయటికి నడిచారు. అందరికన్నా ముందు పోసవ్వ దండం పెట్టింది. అంత తొందరగా, అంత మంది, తన నోటి నుంచి వచ్చిన అబద్ధాన్ని నమ్మడం చూసి లచ్చవ్వకే భయమేసింది.

డేరా ఖాళీ అయ్యాక వెనక నుంచి ఒక నడివయసు ఆడమనిషి వచ్చింది. పేరు హీరాబాయి. కోటు మనిషి పెండ్లాం. తాంబాళం విప్పి పిల్లను బయటికి లాగింది. సన్నగా, పొడుగ్గా ఉన్న లంబాడీ పిల్ల. కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేక గడ్డి మీదే కూలబడింది. పోసవ్వ నోరు తెరిచి చూసింది. ఆ పిల్ల పాదాలు చూసి ఏడ్చింది.

కోటు మనిషి మొదట ఎగిరాడు. ఆట బందు పెట్టించావని, నీ మీద ఫిర్యాదు చేస్తానని అన్నాడు.

"చెయ్యి. నేను గూడ వస్త. పిల్లకు జరమున్నదని వాళ్లకు గూడ చెప్త," అన్నది లచ్చవ్వ.

అతను కోటు గుండీలు సవరించుకుంటూ బయటికి పోయాడు. హీరాబాయి మెల్లగా అన్నది: "దీనికన్న ముందు నేనే కూసునేదాన్ని అక్కా. నా మెడ పోయింది." ఆమె మెడ ఒక పక్కకు వంగే ఉంది. తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. "పొద్దున్నే దవాఖానకు తీస్కపో. ఆయనకు నేను చెప్త."

ఆ రాత్రి బండ్ల దగ్గరే పడుకున్నారు. లచ్చవ్వకు నిద్ర పట్టలేదు. ఇంత సులువుగా ఒప్పుకుందంటే తెల్లవారేసరికి డేరా పీక్కొని పోతారేమోనని అనుమానం. పోలేదు. హీరాబాయి పిల్లను లేపి, తల దువ్వి, సిద్ధంగా ఉంచింది.

దవాఖానలో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చూశాడు. జబ్బు ఇంకా లోపలికి దిగలేదు, వెచ్చగా ఉంచి కడుపునిండా తిండి పెట్టమన్నాడు. సీసాలో మందు పోసిచ్చారు. బయట మెట్ల మీద కూర్చున్నాక లచ్చవ్వ మందు తాగమన్నది. పిల్ల సీసా దిక్కు, ఆమె దిక్కు చూసింది.

"ముందు నువ్వు తాగు," అన్నది.

పోసవ్వ నవ్వాపుకోలేకపోయింది. లచ్చవ్వ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. పిల్ల కొంచెంసేపు ఆగి, ఆమెకు ఏమీ కాలేదని చూసుకొని, అప్పుడు తాగింది. పేరు రూప్లి అన్నది. పెద్ద కొడప్‌గల్ అవతలి తండా. తల్లి చెరుకు కొట్టేందుకు పోయిన చోట జబ్బు చేసి పోయింది. మామ జేత్యా తెచ్చి వీళ్ల దగ్గర పెట్టాడు.

"నాతోని బాన్సువాడకు రా. బీడీలు చుట్టుడు నేర్పిస్త. మా ఇంట్ల ఉందువు," అన్నది లచ్చవ్వ.

"నన్ను తీస్కపోతె నీకేమొస్తది?"

"ఏం రాదు."

"ఏం రాకుంటె ఎవ్వలన్న తీస్కపోతరా?" అన్నది రూప్లి. "మా మామ గూడ గిట్లనే చెప్పిండు. కష్టం లేదు, కూసునే పనే, రెండు పూటల బువ్వ పెడ్తరు అన్నడు. నిజమే చెప్పిండు. కూసునే పనే."

ఇన్నేండ్లుగా లచ్చవ్వ అందరినీ ఇట్లాగే అడిగింది. ఇవాళ తనను అడిగితే ఎట్లా ఉంటుందో తెలిసింది. నేను మంచిదాన్నే అని చెప్పబోయి ఆగిపోయింది. ఆ మాట ఎవరు చెప్పినా తాను నమ్మేది కాదు.

"మంచిగడిగినవ్ బిడ్డా," అన్నది చివరికి. "నాది బాన్సువాడ. చెరుకు బండ్లోళ్లు రోజు వస్తరు. వాళ్లను అడిగి తెల్సుకో. ఇష్టముంటె రా, లేకుంటె లేదు." తన గొంగడి పిల్ల మీద కప్పింది. హీరాబాయికి అప్పజెప్పేటప్పుడు మాత్రం, "దీన్ని మళ్ల గా బల్ల కింద పెడితె నాకు తెలుస్తది. మా దేవిదాసన్న బండి మూడ్రోజులకొకపారి వస్తది," అన్నది. అది బెదిరింపు లెక్కనే అన్నది.

బాన్సువాడలో ఆడవాళ్లు అరుగు ముందు కాచుకొని ఉన్నారు. "ఎట్లున్నది? పోవచ్చా?" అన్నది సావిత్రమ్మ.

"ఇంక పూర్తిగ చూడలే," అన్నది లచ్చవ్వ. అంతకన్నా ఒక్క మాట చెప్పలేదు. ఎన్నడూ ఏ సంగతీ తేల్చకుండా వదలని మనిషి అట్లా అనేసరికి అందరికీ ఆశ్చర్యమైంది. పోసవ్వకు చెప్పాలని నాలుక దురద పెట్టింది గాని, వదినె మొహం చూసి ఊరుకుంది.

దేవిదాస్ బండి తోలి వచ్చినప్పుడల్లా లచ్చవ్వ ఎడ్లకు నీళ్లు పెట్టనిచ్చేది కాదు, ముందు సంగతి అడిగేది. రూప్లి తాంబాళంలో లేదట. హీరాబాయే వంకర మెడతో మళ్లీ కూర్చుంటున్నదట. రూప్లి వెనక వంట చేస్తున్నదట. దగ్గు తగ్గిందట.

"నిజంగ చూసినవా అన్నా, ఎవలన్న చెప్పిండ్రా?"

"నా కండ్లతోని చూసిన చెల్లె. నన్ను నిలబెట్టి నీ గురించి అడిగింది గూడ."

"ఏమడిగింది?"

"శానా అడిగింది. నేను చెప్పినదాన్ని మళ్ల ఇంకో బండాయన్ను అడిగింది. నీలెక్కనే ఉన్నది."

చెరుకు అయిపోవచ్చింది. ఎండ ముదిరింది. నుమాయిష్ డేరాలు విప్పే రోజు దేవిదాస్ ఖాళీ బండితో వచ్చాడు. బండి పూర్తిగా ఖాళీ కాదు. గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకొని, చిన్న మూటతో రూప్లి దిగింది. హీరాబాయే బండెక్కించిందట, మొగడు డేరా గుంజలు పీకే పనిలో ఉన్నప్పుడు. రూప్లి గడప బయటే నిలబడి, లోపలికి రాకుండా అన్నది:

"నీ గురించి మస్తుమందిని అడిగిన. ఒక్కలు గూడ మంచిదన్లే. ఎవ్వల్ని నమ్మదన్నరు, ఉప్పు గూడ నాలుక మీద ఏసుకొని చూస్తదన్నరు. అందరు మంచిది మంచిది అంటె నేను రాకపోదును."

"లోపలికి రా," అన్నది లచ్చవ్వ. "ఇల్లంత చూసుకో ముందు."

రూప్లి నిజంగానే చూసుకుంది. వెనక వాకిలి ఉందా, తలుపు గడియ ఏ దిక్కు పడుతుంది, అన్నీ. ఏడాది దాకా తలుపు పక్కనే, మూట తల కింద పెట్టుకొని పడుకుంది. లచ్చవ్వ కూడా ఏం తక్కువ కాదు. బయటికి పోతే పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కొప్పులో పెట్టుకొని పోయేది. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు, నొచ్చుకోలేదు. "ఒక్కింట్ల ఇద్దరు జవానులు పహరా కాస్తున్నట్టున్నది," అని పోసవ్వ నవ్వేది. రూప్లి చెయ్యి చురుకు. వానలు పడేసరికి లచ్చవ్వ కన్నా సన్నగా, గట్టిగా బీడీ చుట్టడం నేర్చుకుంది. ఒకనాడు బజారుకు పోయొచ్చిన లచ్చవ్వకు కొప్పులో తాళంచెవి లేదని తెలిసింది. పెట్టె మీదే మరిచిపోయి పోయింది. తాళం, చెవి, రూప్లి ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత చెవిని గూట్లోనే పెట్టడం మొదలుపెట్టింది.

మళ్లీ చలికాలం వచ్చింది. చెరుకు బండ్లు కదిలాయి. ఒకరోజు ఆకు కత్తిరిస్తూ రూప్లి, "అవ్వా, నుమాయిష్‌కు పోదామా?" అన్నది.

లచ్చవ్వ తను విన్నది సరిగ్గా విన్నదో లేదో అనుకున్నది. "నువ్వా? గాడికి?"

"నేను చూడలే గద." రూప్లి తల వంచుకొనే చెప్పింది. "బయటికి పోనియ్యకపోదురు. నేను కాళ్లతోని నడుస్తుంటె ఎవ్వలన్న చూస్తె ఆట పాడైతదని. రంగులరాట్నం కిర్రుకిర్రుమని ఇనొస్తుండె. జనం అరుస్తుండ్రి. ఎందుకరుస్తరో చూడలే."

రెండు చలికాలాలు నుమాయిష్ నడుమ కూర్చున్న పిల్ల నుమాయిష్ చూడలేదు. లచ్చవ్వ చాట పక్కన పెట్టి లేచి, ఎదురింటికి పోయి, "సావిత్రమ్మా, పోదాం నడువు," అన్నది.

ఆ ఏడు వాడకట్టు ఆడవాళ్లంతా చెరుకు బండ్లు ఎక్కారు. తొవ్వ పొడుగునా లచ్చవ్వ ఎవరినీ సంతోషంగా ఉండనివ్వలేదు. ఫలానా సబ్బు కొనొద్దు, ఫలానా మిఠాయి తినొద్దు అని చెబుతూనే ఉంది. బోధన్ చేరాక రూప్లి మాత్రం ఏ దుకాణం దగ్గరా ఆగలేదు. నేరుగా రంగులరాట్నం దగ్గరికి నడిచింది. లచ్చవ్వ ఇరుసు చూసింది, తాళ్లు లాగి చూసింది, తిప్పే మనిషిని నానా ప్రశ్నలూ అడిగింది. రూప్లి కూడా ఆమె పక్కనే వంగి చూసింది. చూసి, ఇద్దరూ ఎక్కారు. పైకి లేస్తుంటే లచ్చవ్వ కండ్లు గట్టిగా మూసుకొని కడ్డీ పట్టుకుంది. రూప్లి రెండు కాళ్లూ బారెడు ముందుకు చాపింది. రెండు చేతులూ చాపింది. అందరూ ఎందుకు అరుస్తారో తెలిసినట్టుంది, తాను కూడా గట్టిగా అరిచింది. ఆ అరుపుకు లచ్చవ్వ కండ్లు తెరిచింది. కింద చుట్టూ దీపాలు, ఆవల ఫ్యాక్టరీ గొట్టం, చెరుకు బండ్ల వరస కనిపించాయి. మళ్లీ మూసుకోలేదు.

చివరి డేరా దగ్గరికి పోయారు. తల ఆట లేదు. తొవ్వలో బండి బోల్తా పడి అద్దాలు పగిలాయట. కోటు మనిషి ఇప్పుడు బొమ్మల పెట్టె చూపిస్తున్నాడు. రూప్లిని చూసి మొహం తిప్పుకున్నాడు. హీరాబాయి మాత్రం ఒళ్లంతా తిప్పుకుంటూ వచ్చి, రూప్లి బుగ్గలు పట్టుకొని చాలాసేపు వదలలేదు.

తిరిగొచ్చేటప్పుడు సావిత్రమ్మ మళ్లీ అడిగింది: "ఇగ చెప్పు లచ్చవ్వా. పోదగ్గదేనా?"

"పోవచ్చు," అన్నది లచ్చవ్వ. "తమాషా చూడుండ్రి, తినుండ్రి, ఎక్కుండ్రి. కని చీకటి డేరల ఎవలన్న దగ్గుతె వినుండ్రి."

ఆ తర్వాత ఇంకొన్ని చలికాలాలు పోయారు. రజాకార్ల గడబిడ మొదలయ్యాక నుమాయిష్ ఆగిపోయింది. పొద్దుగూకితే బండ్లు కదలడమే కష్టమైంది. ఆ గడబిడకు కొంచెం ముందే పిట్లం దగ్గరి తండా నుంచి హర్యా అనే పిల్లవాడితో రూప్లికి సంబంధం వచ్చింది. రూప్లి, లచ్చవ్వ పక్కపక్కన కూర్చొని ఆ పిల్లవాడిని సగం పొద్దు ప్రశ్నలు అడిగారు. తాగుతావా అంటే, పండుగకు తాగుతానన్నాడు. కోపం వస్తదా అంటే, వస్తది, తొందరగా పోతదన్నాడు. చెరుకు కొట్టేందుకు పెండ్లాన్ని తీసుకపోతావా అంటే మాత్రం రూప్లి దిక్కు చూసి, "ఆమె వస్తనంటె," అన్నాడు. రూప్లి, లచ్చవ్వ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూప్లి సరేనన్నది.

మొదటి కానుపుకు రూప్లి బాన్సువాడకే వచ్చింది. గడబిడ సద్దుమణిగిన ఏడు, చలి రోజుల్లో, లచ్చవ్వ ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. పోసవ్వ గుడ్డలో చుట్టి తెచ్చి, "అచ్చం రూప్లి మొహమే వదినె," అని చూపించింది. లచ్చవ్వ మొహం దిక్కు చూడకముందే గుడ్డ విప్పింది. చేతులు చూసింది, వేళ్లు చూసింది, రెండు పాదాలూ అరచేతిలో పెట్టుకొని చూసింది. చలికి పిల్ల గట్టిగా ఏడిచింది.

"మంచిగున్నది," అని మళ్లీ చుట్టి తల్లి పక్కలో పడుకోబెట్టి, వేడినీళ్లు పెట్టడానికి పొయ్యి దిక్కు పోయింది.